రంగు పరిగెత్తేటప్పుడు

సంచులు కుట్టే ఆవిడ కత్తిని చేతికివ్వలేదు. తెచ్చి దాగలి మీద పెట్టింది. కమ్మరి సుత్తి పక్కన పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని, దానికేసి చూశాడు.

"మళ్ళీనా?" అన్నాడు.

"మళ్ళీనే అన్నా. నువ్వే చూడు."

చూడక్కర్లేదు. బొటనవేలి గోరును అంచు మీదుగా జరిపితే ఒకచోట తట్టుకుంది. కాస్త ముందుకెళ్ళాక మరోచోట తట్టుకుంది. అంచు వంగలేదు, మొద్దుబారలేదు. విరిగి ఊడిపోయింది. అలా నొక్కు పడిన కత్తి తోలును కొయ్యదు, చింపుతుంది. చిరిగిన తోలుతో సంచి కుట్టలేరు.

"ఎముకల మీద గానీ కొట్టావా ఏంటి?" అన్నాడు బావమరిది, మూలన కూర్చుని బొగ్గులు జల్లిస్తూ.

"సంచులకు ఎముకలుంటాయా తమ్ముడూ?" అందావిడ. తర్వాత కమ్మరి వైపు తిరిగింది. "నీ పనికి వంక పెట్టడం కాదన్నా. మా అమ్మ మీ నాన్న చేసిన కత్తితోనే కోసేది. అది అరిగి అరిగి చెంచా అంతయినా తెగేది. ఇది చూస్తే నెల తిరక్కుండానే ఇలా అయింది. ఈసారి చేసిచ్చేది కూడా ఇంతే అయితే బజార్లో మిషను కత్తి కొనుక్కుంటాను. ఏమీ అనుకోకు."

"అనుకోవడానికేముందమ్మా. తప్పు కత్తిది కాదు, ఉక్కుది. ఆ తుప్పు నకిలీ ఆకురాళ్ళు అంటగడుతున్నాడు నాకు."

తుప్పు అంటే వీధి చివర పాత ఇనుము కొట్టాయన. ఆ పేరు పెట్టింది కమ్మరి తండ్రి. అసలు పేరు ఏదో ఒకటి ఉండే ఉంటుంది గానీ ఎవరికీ దాని అవసరం పడలేదు. ఇనుమును అరగదీసే ఆకురాయిని మంచి ఉక్కుతో చేస్తారు. దాని పళ్ళు అరిగిపోయాక ఇక ఎవరికీ పనికిరాదు, కత్తులు చేసేవాడికి తప్ప. అలాంటి ఆకురాళ్ళు ఎక్కడ దొరికినా తుప్పు ఏరిపెట్టేవాడు. తండ్రీ కొడుకులిద్దరూ వాటితోనే కత్తులు చేశారు.

కిందటి వారం కమ్మరి ఆ కొట్టుకు వెళ్ళి గొడవ పెట్టుకున్నాడు. "నువ్వమ్మేది ఉక్కు కాదు. పైన ఉక్కు తొడుగు వేసుకున్న ఇనుము," అని వీధిలో నిలబడి అరిచాడు. సైకిళ్ళు బాగుచేసే అతను చక్రం తిప్పడం ఆపి విన్నాడు. రొట్టెల కొట్టు ఆవిడ బయటికొచ్చి విన్నది. తుప్పు ఒక ఆకురాయిని వైసులో బిగించి సుత్తితో కొట్టి విరిచాడు. విరిగిన చోట చూపించాడు. లోపల జల్లించిన బూడిదలా ఉంది. మంచి ఉక్కు అలాగే ఉంటుంది. కమ్మరికి ఆ సంగతి తెలుసు. అయినా, "ఒక్కటి మంచిదైతే అన్నీ మంచివైపోతాయా?" అని వచ్చేశాడు.

సంచులావిడ వెళ్ళిపోయాక అతను చాలాసేపు ఆ కత్తిని పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి, వెనక గోడకున్న మేకు నుంచి తండ్రి ఆకురాయిని దించాడు.

అది మూరకు కాస్త తక్కువ పొడవు. తండ్రి రంపాలకు పళ్ళు తీసింది, తాళంచెవులు అరగదీసింది దానితోనే. ఆయన పోయాక ఎవరూ దాన్ని వాడలేదు. పళ్ళు దాదాపుగా పోయాయి. కొయ్యపిడికి బొటనవేలు ఆనే చోట గుంట పడింది.

భార్య టీ తెచ్చింది. ఆకురాయి అతని చేతిలో చూసి గ్లాసు ఇవ్వకుండా ఆగింది.

"దాన్నెందుకు దించారు?"

"కత్తి చెయ్యడానికి."

"దాంతోనా? మీకేమైనా మతి పోయిందా?"

"దీని ఉక్కుకు ఎవరూ వంక పెట్టలేరు. దీంతో చేసింది నిలిస్తే, ఇన్నాళ్ళూ తుప్పు నన్ను మోసం చేశాడని తేలిపోతుంది."

ఆమె గ్లాసు ఇచ్చింది. "ఇదీ విరిగితే?" అంది.

అతను టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. ఆ ప్రశ్న అప్పటికే అతని బుర్రలో తిరుగుతోంది. ఇది కూడా విరిగితే తిట్టడానికి తుప్పు ఉండడు. ఉక్కూ ఉండదు. మిగిలేది తనొక్కడే. కత్తి చెయ్యడం తప్ప అతనికి మరో పని రాదు. గడ్డపారలకు మొన తీయడం, గొళ్ళేలు అతకడం ఎవరైనా చేస్తారు. అంచు నిలిచే కత్తి చేస్తాడనే అతని దగ్గరికి జనం వస్తున్నారు.

"మీ చొక్కా ఉతికి తగిలించాను. మళ్ళీ పసుప్పచ్చగా ఉందని గొణక్కండి," అంది ఆమె వెళ్తూ. "సబ్బు మార్చాను, రెండోసారి."

"మార్చినా అలాగే ఉంది," అన్నాడు అతను.

"మీకు ఈ మధ్య సబ్బు నచ్చదు, బల్బు నచ్చదు, తుప్పు నచ్చడు. ఒకసారి వెళ్ళి కళ్ళు చూపించుకోండి అంటే నేనూ నచ్చను."

బావమరిది మూలన నవ్వాడు. కమ్మరి అటు చూసేసరికి నవ్వు ఆపి బొగ్గులు జల్లించాడు.

ఆ సాయంత్రం కొలిమి ఆర్పే ముందు కమ్మరి ఆకురాయిని ఎర్రగా కాల్చి, పెట్టెడు బూడిదలో పాతిపెట్టాడు. ఎంత నెమ్మదిగా చల్లారితే ఉక్కు అంత మెత్తబడుతుంది. పొద్దున తీసేసరికి ఇంకా గోరువెచ్చగానే ఉంది. మిగిలిన పళ్ళను సానరాయి మీద పూర్తిగా తీసేశాడు. ఒక్క గీత మిగిలినా, సుత్తి దెబ్బకు అది లోపలికి మడతపడుతుంది, తర్వాత అక్కడే పగులుతుంది. అందంగా ఉంటుందని ఆ గీతల్ని కత్తి మీద వదిలేసే వాళ్ళున్నారు. అతని తండ్రి వాటిని పగుళ్ళకు చల్లిన విత్తనాలనేవాడు.

తర్వాత ఇద్దరూ దాగలి దగ్గర నిలబడ్డారు. కమ్మరి ఎడంచేత్తో పట్టకారు, కుడిచేత్తో చిన్న సుత్తి పట్టుకున్నాడు. బావమరిది సమ్మెట ఎత్తాడు. కమ్మరి చిన్న సుత్తితో ఎక్కడ తాకిస్తే సమ్మెట అక్కడ పడాలి. మెల్లగా తాకిస్తే మెల్లగా, గట్టిగా తాకిస్తే గట్టిగా. సుత్తిని దాగలి పక్కకు ఆనిస్తే ఆగమని. మాటలక్కర్లేదు. అందుకే కాబోలు, ఉక్కు కొలిమిలో ఉన్నంతసేపూ బావమరిది మాట్లాడుతూనే ఉంటాడు.

"బావా, మీ నాన్న పైనుంచి చూస్తే నన్నే తిడతాడు. నువ్వు కొడుకువి, నిన్నేమీ అనడు."

"సరిగ్గా కొడితే తిట్టడు."

"సరిగ్గా కొట్టినా తిట్టేవాడు. అక్కను చూసిపోదామని వచ్చినవాణ్ణి, ఒక్క దెబ్బ కొట్టి పోరా అని సమ్మెట చేతికిచ్చాడు. ఆ ఒక్క దెబ్బ ఇంకా అవలేదు."

"పోతే పో. ఎవరు పట్టుకున్నారు?"

"పోదామనే అనుకుంటాను. ఇంతలో నువ్వు తీస్తావు," అన్నాడు బావమరిది.

కమ్మరి ఉక్కును తీశాడు. సుత్తి తాకింది, సమ్మెట పడింది. తోక సన్నబడి పిడిలోకి దిగే కొస అయింది. ముందు భాగం వెడల్పయి, అంచు వైపు పలచబడింది. ఎరుపు తగ్గగానే కొట్టడం ఆపేశాడు. చల్లారిన ఉక్కును కొడితే లోపల పగుళ్ళు పడతాయి. మధ్యాహ్నానికి దాగలి మీద ఆకురాయి లేదు, కత్తి ఉంది. తండ్రి అయితే ఇంకో రెండు దెబ్బలు వేయించేవాడేమో. కమ్మరి దాన్ని కంటి దగ్గర పెట్టుకుని వంపు చూసి, చాలనుకున్నాడు.

ఉక్కును గట్టిపరిచే ముందు కిటికీ తలుపులు వేయించాడు. చీకట్లోనే ఎరుపు సరిగ్గా తెలుస్తుంది. కత్తిని కొలిమిలో ముందుకూ వెనక్కూ జరుపుతూ, కొస నుంచి కొస దాకా ఒకే ఎరుపు వచ్చేదాకా కాచుకున్నాడు. ఆ ఎరుపు ఎప్పటి ఎరుపే. అది చూశాక అతని మనసు కాస్త కుదుటపడింది. తీసి, వెచ్చచేసిన నూనెలో నిలువుగా ముంచాడు. మంట లేచి ఆరింది. పొగ కప్పుకు తగిలింది. కొత్త ఆకురాయిని అంచు మీద రుద్దితే పట్టు దొరక్క జారిపోయింది.

"గాజు అయింది," అన్నాడు బావమరిది.

గట్టిదనంలోనూ గాజే, పెళుసులోనూ గాజే. ఆ స్థితిలో కింద పడితే ముక్కలవుతుంది. ఇక మిగిలింది పెళుసు తీయడం. కత్తి బతికేదీ చచ్చేదీ అక్కడే.

ఆ పని ఇలా ఉంటుంది. కత్తిని గరుకు కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్దుతారు. ఒక ఇనుప దిమ్మను ఎర్రగా కాల్చి దాగలి మీద పెడతారు. కత్తి వీపును ఆ దిమ్మకు ఆనిస్తారు. వేడి వీపులోంచి అంచు వైపు నడుస్తుంది. నడిచిన దారిలో తెల్లటి ఉక్కు మీద రంగులు పుడతాయి. ముందు ఎండుగడ్డి రంగు, దాని వెనక గోధుమ, ఊదా, నీలం. దాన్నే ఆ ఇంట్లో రంగు పరిగెత్తడం అంటారు. వీపు నీలం తిరిగి, అంచుకు ముదురు గడ్డి రంగు చేరిన క్షణంలో కత్తిని నీళ్ళలో ముంచాలి. ముందు ముంచితే పెళుసు పోదు. ఆలస్యమైతే అంచు మెత్తబడుతుంది.

రంగు పరిగెత్తేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. అది తండ్రి పెట్టిన నియమం. ఒకే ఒక్కడు చూడాలి, మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి. తండ్రి చూసినన్నాళ్ళూ కొడుకు మూసుకున్నాడు. ఒకరోజు పని మధ్యలో ఆయన పట్టకారు కొడుకు చేతిలో పెట్టి, "ఇకనుంచి రంగు నువ్వే చూడు," అన్నాడు. ఆ రాత్రి కొడుకుకు గర్వంతో నిద్ర పట్టలేదు.

కిటికీలు మళ్ళీ తెరిచాక కత్తిని రుద్దింది భార్య. ఆ పని ఎప్పుడూ ఆమెదే. రుద్దిన కత్తిని అతనికిచ్చి, వెళ్ళి గుమ్మంలో కూర్చుంది. బావమరిది సమ్మెట కర్రకు ఆనుకుని నిలబడ్డాడు.

కమ్మరి కత్తిని దిమ్మకు ఆనించాడు. పెట్టిన కాసేపటికే చూస్తే అంచున గడ్డి రంగు ఉంది. నీలం కోసం వీపు వైపు చూశాడు. లేదు. ఈమధ్య ఏ కత్తికీ నీలం రావడం లేదు. తుప్పు మీద అనుమానం మొదలైంది దానివల్లే. కానీ ఇది తుప్పు ఇచ్చిన ఉక్కు కాదే అనుకున్నాడు. ఆ ఆలోచన తెగకముందే చెయ్యి కత్తిని తీసి నీళ్ళలో ముంచింది. చేతికి అలవాటైన పని అది.

వైసులో ఇత్తడి కడ్డీ బిగించి ఉంది. ప్రతి కత్తికీ చివరి పరీక్ష అదే. అంచును కడ్డీకి ఏటవాలుగా ఆనించి నొక్కుతూ లాగాలి. పెళుసు సరిగ్గా తీసిన అంచు వెంట్రుకవాసి వంగి మళ్ళీ నిలబడుతుంది. అతను కత్తిని సాన పట్టి అంచు తీసి, కడ్డీ దగ్గరికి తెచ్చి, నొక్కి లాగాడు.

టిక్కుమంది.

ముగ్గురూ విన్నారు. అతను గోరు జరిపి చూశాడు. తట్టుకుంది.

బావమరిది సమ్మెటను గోడకు ఆనించి, "టీ తాగొస్తా," అని గొణిగి వెళ్ళిపోయాడు. అక్క అతనికి పోసిచ్చిన గ్లాసులో టీ ఇంకా అలాగే ఉంది.

కమ్మరి పీట మీద కూర్చున్నాడు. కత్తిని మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"విరిగింది," అన్నాడు.

"విన్నాను," అంది భార్య గుమ్మంలోంచి.

"నాన్న ఉక్కు కూడా విరిగింది."

"ఉక్కు మంచిదే."

"నీకేం తెలుసు?"

"మీరు నీళ్ళలో ముంచేసరికి అంచు తెల్లగా ఉంది. నేను రుద్ది ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది."

"గడ్డి రంగు వచ్చాకే తీశాను."

"రాలేదండీ. వీపు దగ్గర అప్పుడప్పుడే మొదలైంది. అంచుకు రానేలేదు."

"నీలం కూడా రాలేదు. ఆ సంగతి నేనూ చూశాను. ఏ కత్తికీ రావడం లేదు."

"రానిస్తే కదా వచ్చేది!"

అతను తలెత్తి ఆమె వైపు చూశాడు. "మరి చెప్పవేం?"

"రంగు పరిగెత్తేటప్పుడు నోరు తెరవకూడదు కదా. కాపురానికొచ్చిన కొత్తలో, భోజనం చల్లారిపోతోంది అని ఒక్క మాటన్నాను. మీ నాన్న ఎర్రగా కాలిన పట్టకారు నావైపు చూపించాడు. ఆ రోజు నా నోటికి పడ్డ తాళం, ఈ గుమ్మంలో ఇంతవరకూ తియ్యలేదు."

"సంచులావిడ కత్తులప్పుడు కూడా చూశావా?"

"ఒకదానికి ఉన్నాను. తొందరగా తీశారనిపించింది. మీరేదో కొత్త పద్ధతి పట్టారు కాబోలు, నాకేం తెలుసులే అనుకున్నాను."

కమ్మరి లేచి లోపలికెళ్ళాడు. తగిలించి ఉన్న చొక్కా పట్టుకొచ్చి వెలుతురులో పట్టుకున్నాడు.

"ఇది ఏ రంగు?"

"తెలుపు."

"బాగా చూసి చెప్పు."

"ఉతికింది నేను. తెలుపే."

అతను కుడికన్ను మూసి చూశాడు. ఎడమకన్ను మూసి చూశాడు. ఏ కంటితో చూసినా చొక్కా గడ్డి రంగులోనే ఉంది. దాన్ని కత్తి పక్కన పెట్టాడు. రెండూ ఒకటే. నీళ్ళలో ముంచక ముందు ఉక్కు ఎలా ఉందో, దిమ్మకు ఆనించక ముందు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. అప్పుడూ ఇదే రంగు. మొదటి నుంచీ ఇదే రంగు. రాని రంగు వచ్చిందనుకుని అతను ఎన్ని కత్తులు ముంచాడో!

"పాపం సబ్బు," అంది భార్య.

అతనికి నవ్వు రాలేదు. తండ్రి గుర్తొచ్చాడు. పని మధ్యలో పట్టకారు చేతిలో పెట్టిన రోజు. ఇకనుంచి రంగు నువ్వే చూడు. ఎందుకని తను అడగలేదు. ఆయనా చెప్పలేదు. కొడుకు చేతి మీద నమ్మకం కుదిరిందనుకున్నాడు తను. నలుగురికీ అలాగే చెప్పుకున్నాడు. చివరి రోజుల్లో ఆయన గుమ్మంలో కూర్చుని, లోపల పని జరుగుతుంటే వీధి వైపు తిరిగి ఉండేవాడు. చూడ్డానికి ఏముందిలే అనేవాడు.

"నాన్నకు కూడా కనబడి ఉండదు," అన్నాడు.

ఆమె చొక్కా అందుకుని మడత పెట్టింది. "అయ్యుంటుంది. ఆయన నోరు తెరిచి అడగనూ లేదు, ఎవరినీ చెప్పనివ్వనూ లేదు."

కమ్మరి కత్తిని వెలుతురులో తిప్పాడు. నొక్కు చిన్నదే. అంచును ఆ మేరకు అరగదీస్తే పోతుంది. కత్తి కాస్త సన్నబడుతుంది, అంతే. పెళుసు తక్కువ తీసినదానికి మళ్ళీ తీయొచ్చు. ఎక్కువ తీస్తేనే మొదటికి రావాలి.

"మళ్ళీ రుద్దు," అన్నాడు.

"మళ్ళీ పెడతారా?"

"పెడతాను. కానీ నువ్వు గుమ్మంలో కాదు. ఇక్కడ, దాగలి దగ్గర నిలబడు. చెబుతూ ఉండు."

"ఏం చెప్పను? మీ రంగుల పేర్లు నాకు రావు."

"నీకొచ్చిన పేర్లే చెప్పు."

అతను నొక్కు పోయేదాకా అరగదీశాడు. ఆమె రుద్దింది. దిమ్మ కాలింది. అతను మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల లాగి దాగలి మీద పెట్టాడు.

"అంచుకు ఈ రంగు రావాలి. ఇంతకన్నా లేతగా ఉండకూడదు, ముదరకూడదు."

ఆమె పుల్లను చూసింది. కొంగు బిగించి దగ్గరగా వంగింది. అతను కత్తి వీపును దిమ్మకు ఆనించాడు.

"తెలుపు," అంది. "తెలుపే. ఇంకా తెలుపే."

అతనికి అంచున గడ్డి రంగు కనిపిస్తూనే ఉంది. తియ్యమని చెయ్యి లాగింది. తియ్యలేదు.

"వీపు దగ్గర వెన్న. వెన్న కరిగినట్టు... అది కిందికి జారుతోంది."

"అంచు?"

"తెలుపు. వీపున ఇప్పుడు ఉల్లిపొట్టు. దాని వెనక వంకాయ."

"వంకాయా?"

"మీరేగా నాకొచ్చిన పేర్లు చెప్పమన్నది? వంకాయ పోయింది. నీలం వచ్చింది. ఇదిగో, మీరు వెతుక్కుంటున్న నీలం."

అతను చూశాడు. వీపు నల్లబడినట్టు ఉంది, అంతే. దాన్ని నీలమని నమ్మాలంటే ఆమె మాటే ఆధారం. తల తిప్పి ఆమె మొహం వైపు చూడటం మొదలుపెట్టాడు. కత్తి మీద చూడ్డానికి అతనికి ఏమీ లేదు.

గుమ్మంలో బావమరిది నీడ పడింది. "అక్కా!" అన్నాడు భయంగా. "రంగు పరిగెత్తుతుంటే మాట్లాడతావేంటి?"

"నువ్వు నోర్ముయ్," అన్నారు మొగుడూ పెళ్ళాం ఒకేసారి.

"వెన్న అంచుకు చేరింది," అంది ఆమె. కమ్మరి చెయ్యి కదిలింది. "ఆగండి. పుల్ల ఇంకా ముదురు. ఆగండి... పిడి వైపు మడమ దగ్గర వచ్చింది, మొన దగ్గర రాలేదు."

అతను మొనను దిమ్మ వైపు జరిపాడు.

"వస్తోంది. వస్తోంది. ఇప్పుడు!"

నీళ్ళు బుస్సుమన్నాయి.

సాన పట్టాక అతను ఇత్తడి కడ్డీ దగ్గరికి వెళ్ళాడు. ఈసారి ముగ్గురూ వెళ్ళారు. అంచు ఆనించి నొక్కి లాగాడు. చప్పుడు రాలేదు. మరోసారి, ఇంకా గట్టిగా నొక్కి లాగాడు. అంచు కడ్డీ మీద వంగింది, దాటగానే నిలబడింది. గోరు మడమ నుంచి మొన దాకా జారింది. ఎక్కడా తట్టుకోలేదు.

"మీ నాన్న పైనుంచి చూస్తుంటే..." అని మొదలుపెట్టాడు బావమరిది.

"వింటుంటే అను," అంది అక్క.

తండ్రి ఆకురాయి పిడినే కత్తికి బిగించాడు. సంచులావిడ వచ్చి, బొటనవేలు ఆ గుంటలో పెట్టి పట్టు చూసుకుని, వెంట తెచ్చుకున్న తోలుముక్కను కోసింది. ముక్క చప్పుడు లేకుండా రెండయింది. ఇంకోటి కోసింది.

"ఇదన్నా, ఇదీ మీ నాన్న కత్తి," అంది.

"పాత కత్తులు కూడా పట్టుకురామ్మా. మళ్ళీ పెళుసు తీసిస్తాను."

"వాటి ఉక్కు నకిలీదన్నావుగా?"

"ఉక్కు మంచిదే. రంగు నాకు కనబడలేదు."

ఆమె కమ్మరి భార్య వైపు చూసింది. భార్య తలూపింది. సంచులావిడ కత్తి గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కమ్మరి తెల్ల చొక్కా వేసుకుని, తనకు అది తెలుపో కాదో తెలియకుండానే, వీధి చివరికి నడిచాడు. తుప్పు ఒక పీపా మీద కూర్చుని తాళాల గుత్తిలో తుప్పు పట్టినవీ పట్టనివీ వేరు చేస్తున్నాడు. తలెత్తలేదు.

"ఏం కావాలి? తొడుగు వేసుకున్న ఇనుమా?"

"నీ ఆకురాళ్ళు మంచివే," అన్నాడు కమ్మరి. "తప్పు నాది."

"ఏమన్నావు? వినబడలేదు."

"మంచివే అన్నాను."

"ఆ రోజు నువ్వన్నది రొట్టెల కొట్టు దాకా వినబడింది. ఇవాళ నా చెవి దాకానే వస్తోందే?"

కమ్మరి వెనక్కి తిరిగాడు. సైకిళ్ళు బాగుచేసే అతను గాలి కొడుతున్నాడు. రొట్టెల కొట్టు ఆవిడ పళ్ళేలు సర్దుతోంది. ఈ మాట ఒకసారి వీధిలో పడితే మళ్ళీ తీసుకోలేడు. కళ్ళు కనబడని వాడి దగ్గర కత్తి చేయించుకునేదెవరు? అయినా, ఆ రోజు అరిచినప్పుడు తుప్పు గురించి ఈ ఆలోచన తనకు రాలేదు. ఇదే కొట్టు ముందు, ఇంతమంది వినేలాగే అరిచాడు.

"ఈయన ఆకురాళ్ళల్లో ఏ లోపమూ లేదు!" అని అరిచాడు. "నాకే కళ్ళు సరిగ్గా కనబడటం లేదు! రంగు తెలియక కత్తులు చెడగొట్టాను!"

గాలి కొట్టడం ఆగింది. రొట్టెల కొట్టు ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఆలోచించింది.

"అయితే నా రొట్టెల కత్తి?" అని అరిచింది.

"ఎప్పుడు చేశాను?"

"మొన్న చలికాలం!"

"పట్టుకురా! మళ్ళీ చేసిస్తాను. రంగు మా ఆవిడ చెబుతుంది!"

"అలా అయితే తెస్తా!" అని ఆవిడ పళ్ళేల దగ్గరికి వెళ్ళింది. గాలి కొట్టడం మళ్ళీ మొదలైంది.

తుప్పు లేచి లోపలికెళ్ళి ఆకురాళ్ళ కట్ట తెచ్చి కమ్మరి ముందు పడేశాడు. "ఏరుకో. విరిచి చూసుకుంటావా?"

"అక్కర్లేదు."

"నేను నిరుడు కోయించుకున్నాను, రెండు కళ్ళకూ. శుక్లాలన్నారు," అన్నాడు తుప్పు, మళ్ళీ పీపా మీద కూర్చుంటూ. "అంతకుముందు ఈ కొట్టులో ఇనుమంతా బంగారంలా కనిపించేది. పొద్దున్నే వచ్చి కూర్చుంటే ఎంత హాయిగా ఉండేదో. కట్టు విప్పాక చూద్దును కదా, ఎక్కడ చూసినా తుప్పే."

కమ్మరి కట్ట విప్పి ఒక ఆకురాయి తీశాడు. పళ్ళ మీద వేలు జరిపాడు. ఇంకోటి తీశాడు. వాటిని చూడకుండానే, తల వంచుకునే అడిగాడు.

"ఏ డాక్టరు?"

"గట్టిగా అడుగు," అన్నాడు తుప్పు. "వినబడలేదు."